వాడిన మొక్క, మసకలో భార్య: ఒక ఆన్‌లైన్ క్లినిక్, దాని యాడ్

మగవాళ్ల లైంగిక సమస్యలకు డాక్టరుతో వీడియో కాల్‌లో మాట్లాడించి, మందులు ఇంటికి పంపే సర్వీసు ఒకటి నాలుగు నెలలుగా వాడుతున్నాను. దాని పేరు రాయడం లేదు. సర్వీసు కంటే దాని యాడ్ గురించి చెప్పాల్సింది ఎక్కువ ఉంది. అందులో ఉన్న తప్పు ఆ ఒక్క కంపెనీ చేసేదీ కాదు.

నాకు యాభై రెండేళ్లు. ఇరవై ఏడేళ్లుగా కెమెరా పనిలో ఉన్నాను. మొదట ఫోకస్ పుల్లర్‌గా, అంటే షాట్‌లో ఏది స్పష్టంగా కనిపించాలో లెన్స్ తిప్పి చూసుకునే పని చేశాను, తర్వాత యాడ్ ఫిల్ములకు కెమెరామన్‌నయ్యాను. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. రెండేళ్లుగా అంగస్తంభన సరిగా ఉండటం లేదు. ఈ మాట ఒక డాక్టరుతో అనడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో ఈ యాడ్ ఫోన్‌లో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. వచ్చిన ప్రతిసారీ ఫోన్ బోర్లా పెట్టేశాను. నాకు కావలసిన విషయమే చెబుతున్న యాడ్‌ని నేనెందుకు చూడలేకపోతున్నానో అర్థం కాక, ఒక రాత్రి కూర్చుని షాట్ షాట్‌కీ ఆపి చూశాను.

నలభై సెకన్ల యాడ్. మంచం అంచున ఒక మగమనిషి కూర్చుని ఉంటాడు, వీపు మనవైపు. కిటికీలోంచి నీలం వెలుతురు. కెమెరా పైకప్పు ఎత్తున ఉంది కాబట్టి మనిషి కుంచించుకుపోయినట్టు కనిపిస్తాడు. కట్ చేస్తే కిటికీ గట్టు మీద తల వాల్చేసిన మొక్క, క్లోజప్. మంచానికి అవతలివైపు భార్య ఉంది గానీ ఫోకస్‌లో లేదు. తర్వాత ఫోన్, ఒక వేలు, ఒక్క నొక్కు. అక్కడితో నీలం పోయి పసుపు వస్తుంది. కర్టెన్ స్లో మోషన్‌లో ఊగుతుంది. మొక్క లేచి నిటారుగా నిలబడుతుంది. ఇద్దరూ నవ్వుకుంటూ దగ్గరవుతుండగా ఫోకస్ వాళ్ల మీంచి జారి వెనకున్న దీపం మీదికి వెళ్తుంది. దీపం ఆరిపోతుంది. కంపెనీ పేరు పడుతుంది.

పనితనానికి వంక పెట్టను. వెలుతురు బాగా పెట్టారు, గ్రేడింగ్, అంటే రంగులు సరిచేసే పని, శుభ్రంగా ఉంది. ఆ ఫోకస్ జారడం మాత్రం నా చేతికి బాగా తెలిసిన పని. కండోమ్ యాడ్లలో, గర్భనిరోధక మాత్రల యాడ్లలో అలాంటివి చాలా చేశాను. మనుషులు దగ్గరవుతారు, డైరెక్టర్ సైగ చేస్తాడు, నేను లెన్స్ రింగ్ తిప్పుతాను. ఏ పువ్వు మీదికో, కొవ్వొత్తి మీదికో, వానకు తడిసిన అద్దం మీదికో పోతుంది చూపు. చూసేవాళ్ల సిగ్గును కాపాడుతున్నానని అప్పట్లో నమ్మాను. ఇప్పుడు సమస్య నాదే అయ్యాక అదే షాట్ నాకు వేరేలా వినిపించింది. ‘ఇక్కడి నుంచి ఇది చూడకూడని విషయం, మాట్లాడకూడని విషయం’ అని కెమెరాయే ముఖం తిప్పుకుంటోంది. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు నేను చేసిందీ అదే. షుగర్ గురించి అంతా చెప్పి, అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి చూపు గోడ మీది క్యాలెండర్ మీదికి తిప్పుకున్నాను.

మొక్క దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. అలాంటి షాట్ తీయడం కష్టం కాదు. నీళ్లు లేక వాలిపోయిన మొక్కకు నీళ్లు పోసి, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక్కో ఫ్రేమ్ తీస్తూ పోతే గంటల వ్యవహారం మూడు సెకన్లలో అయిపోతుంది. వాడిన మొక్క అంటే ఏమనుకుంటాం? ఎవరో నీళ్లు పోయలేదు అనుకుంటాం. మాత్ర అంటే నీళ్లు అనుకుంటాం. రెండూ తప్పే. ఈ సమస్య చాలామందిలో రక్తనాళాల నుంచి మొదలవుతుంది. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాల వెడల్పు మూడు, నాలుగు మిల్లీమీటర్లు ఉంటే, అంగానికి వెళ్లేవి ఒకటి, రెండు మిల్లీమీటర్లే. షుగర్, బీపీ, సిగరెట్ నాళాల లోపలి పొరను పాడు చేస్తున్నప్పుడు సన్న నాళం ముందు ఇబ్బంది పడుతుంది. అందుకే కొంతమందిలో ఛాతీనొప్పి కంటే కొన్నేళ్లు ముందే ఇది కనిపిస్తుంది. అంటే ఇది గుండె గురించి ముందుగా అందిన కబురు కావచ్చు. మొక్కను చూపిస్తే ఆ కబురు ఎవరికీ చేరదు.

ఇక మూడు సెకన్లలో లేచి నిలబడటం. సిల్డెనాఫిల్, అంటే వయాగ్రాలో ఉండే మందు, వేసుకున్నాక సుమారు గంట ఆగాలి. కోరిక కలగకపోతే మాత్ర దానంతటది ఏమీ చేయదు. అందరికీ పని చేయదు, పని చేసినవాళ్లకు కూడా ప్రతిసారీ ఒకేలా ఉండదు. ఆ యాడ్ చూసి మాత్ర వేసుకున్న మనిషికి మొదటిసారి కుదరకపోతే, తప్పు మందుది అనుకోడు. నేనే పనికిరానివాణ్ని అనుకుంటాడు.

ఈ రంగంలో పాత యాడ్లు కూడా వెతికి చూశాను, పని అలవాటు కొద్దీ. అమెరికాలో వయాగ్రాకు 1998 మార్చి 27న అనుమతి వచ్చింది. దానికి ముందు ఏడాదే అక్కడ మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ టీవీలో మందుల యాడ్ల నిబంధనలు సడలించింది. డాక్టరు చీటీ ఉంటేనే దొరికే మందును నేరుగా జనానికి యాడ్ చేసుకోనిచ్చేవి అమెరికా, న్యూజిలాండ్ మాత్రమే. ఆ తొలిరోజుల్లో, 1996లో అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిన బాబ్ డోల్ వయాగ్రా తెచ్చిన ఫైజర్ కంపెనీ యాడ్‌లో కనిపించాడు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్న పెద్దాయన తన ముఖంతో, తన గొంతుతో ఈ సమస్య గురించి మాట్లాడి, డాక్టరును కలవమన్నాడు. పువ్వూ లేదు, దీపమూ లేదు. ‘నపుంసకత్వం’ అన్న అర్థంలో వాడే ఇంగ్లిష్ మాటను పక్కన పెట్టి అంగస్తంభన లోపం అనే వైద్యపదం వాడమని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు 1992లోనే సూచించింది. ఆ పదాన్ని ఇంటింటికీ చేర్చినవి ఇలాంటి యాడ్లే. ఇన్నేళ్లలో నేను చూసిన వాటిలో నాకు గౌరవం కలిగినది ఆ డోల్ యాడ్.

2003లో ఇదే సమస్యకు లెవిట్రా, సియాలిస్ అనే మందులు వచ్చాక కెమెరా మళ్లీ దారి మార్చింది. లెవిట్రా యాడ్‌లో ఒకాయన తాడుకు వేలాడే టైరులోంచి బంతి విసురుతాడు. మొదట తగలదు, తర్వాత సూటిగా దూరిపోతుంది. అంత మొరటు సంకేతం గురించి ఎక్కువ మాట్లాడాల్సిన పని లేదు. సియాలిస్ వాళ్లది వేరే దారి. ఆరుబయట పక్కపక్కన రెండు స్నానపు తొట్లు, ఒకదాంట్లో ఆయన, ఒకదాంట్లో ఆమె, చేతులు పట్టుకుని ఎదురుగా కనిపించే ప్రకృతిని చూస్తుంటారు. వేర్వేరు తొట్లలో కూర్చుంటే ఏం లాభమని జనం నవ్వుకున్నారు. నాకు మాత్రం ఆ ఫ్రేమ్ మీద కొంత గౌరవం ఉంది. ఆ మందు ప్రభావం ముప్పై ఆరు గంటల దాకా ఉంటుంది. తొందర లేదు, నింపాదిగా ఉండొచ్చు అన్న మాటను ఆ కదలని షాట్ నిజాయితీగా చెప్పింది. పైగా ఆమెకూ ఆయనకూ ఫ్రేమ్‌లో సమానమైన చోటు ఇచ్చారు.

ఆ యాడ్లలో కుట్ర ఎక్కడుందంటే హెచ్చరికల దగ్గర. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు ఇవి వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. అంగస్తంభన నాలుగు గంటలు దాటితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ప్రాణం మీదికి తెచ్చే ఈ సంగతులు చెప్పేటప్పుడే తెర మీద అన్నింటికంటే అందమైన షాట్లు వస్తాయి. కంటికి పని కల్పిస్తే చెవి వినదని మా రంగంలో అందరికీ తెలుసు. ఎఫ్‌డీఏకు కూడా ఇది పట్టింది. హెచ్చరిక వినిపిస్తున్నప్పుడు దృష్టి మళ్లించే బొమ్మలు గానీ శబ్దాలు గానీ ఉండకూడదని 2023లో నియమం పెట్టింది. పాతికేళ్లు పట్టింది.

సుఖవ్యాధుల యాడ్లది ఇంకో చరిత్ర, అక్కడ దీపం బదులు సమాధిరాయి ఉంటుంది. 1987లో బ్రిటన్ ప్రభుత్వం తీయించిన ఎయిడ్స్ యాడ్‌కు దర్శకుడు నికొలస్ రోగ్, గొంతు నటుడు జాన్ హర్ట్‌ది. పేలుతున్న కొండ, నల్లరాయి మీద ఉలిదెబ్బలు, చివర్లో రాతి మీద పడే తెల్లని లిల్లీపూలు. అదే ఏడాది ఆస్ట్రేలియా యాడ్‌లో పొగమంచులోంచి కొడవలి పట్టుకున్న మృత్యువు వచ్చి, బౌలింగ్ పిన్నుల్లా నిలబెట్టిన మనుషుల్ని, చంటిబిడ్డతో ఉన్న తల్లిని కూడా, బంతితో పడగొడుతుంది. బ్యాక్‌లైట్, పొగ ఎలా వాడాలో నేర్చుకోవడానికి మంచి పాఠం. భయం పుట్టింది, అందరూ ఆ జబ్బు గురించి మాట్లాడుకున్నారు. కానీ మృత్యువుకు ముఖం లేనప్పుడు జనం తమకు తోచిన ముఖం తగిలిస్తారు. ఆ మృత్యువు స్వలింగ సంపర్కులేనని చాలామంది అనుకున్నారనీ, జబ్బు మీద పుట్టాల్సిన భయం మనుషుల మీదికి మళ్లిందనీ తర్వాత విమర్శలొచ్చాయి.

ఇప్పుడు నేను వాడిన సర్వీసు సంగతి. యాడ్ కంటే సర్వీసు ఎంతో మేలు. ఒక్క నొక్కు అన్నది అబద్ధం. ఫారం నింపడానికే ఇరవై నిమిషాలు పట్టింది, కాల్ మూడో రోజుకు కుదిరింది. అలా ఆలస్యం కావడమే మంచిదైంది. డాక్టరమ్మ గారు ఛాతీనొప్పి ఉందా, నాలుక కింద పెట్టుకునే మాత్రలేమైనా వాడుతున్నారా, పొద్దున్న లేచేసరికి అంగస్తంభన ఉంటోందా, నిద్ర ఎలా ఉంది, టెన్షన్లు ఏమున్నాయి అని ఒక్కొక్కటే అడిగారు. పొద్దున్న సంగతి ఎందుకని అడిగితే, అప్పుడు బాగానే ఉండి మిగతా సమయాల్లో లేకపోతే మనసు వైపు కూడా చూడాలని చెప్పారు. మూడు నెలల షుగర్ సగటు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకుని, గుండె డాక్టరుకు ఒకసారి చూపించుకుని రమ్మన్నారు. ఆ రోజు మందు రాయలేదు. రెండో కాల్‌లో తక్కువ డోసుతో మొదలుపెట్టారు. నాకు తలనొప్పి, ముక్కు దిబ్బడ వచ్చాయి. ఒకసారి తెల్లగోడ కొద్దిగా నీలంగా కనిపించింది. అలా జరగొచ్చని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. పదిసార్లలో ఆరేడుసార్లు బాగుంటోంది.

డబ్బా మీద మందు పేరు కనబడకుండా పంపుతారు, అది బాగుంది. బాగోలేనిది గుర్తుచేసే మెసేజ్‌లు. ‘మీ ఆత్మవిశ్వాసం అయిపోతోంది, ఇప్పుడే ఆర్డర్ చేయండి’ అని లాక్ చేసిన స్క్రీన్ మీద పెద్ద అక్షరాలతో వస్తాయి. నాకు ఒకసారి షూటింగ్ మధ్యలో, ఫోన్ అసిస్టెంట్ చేతిలో ఉన్నప్పుడు వచ్చింది. సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు, కానీ మొదటే ఆపి ఉంచాల్సింది. అయిపోయేది మందు. దాన్ని ఆత్మవిశ్వాసం అనడం ఆ మొక్క లాంటి పనే.

వీడియో కాల్‌లో మన కెమెరా ఆపుకునే వీలుంది, మొహమాటమైతే ఆపుకోమని వాళ్లే రాశారు. మొదటి కాల్‌కి నేను ఆపాను. రెండోసారి ఆపలేదు. వెనక కిటికీ ఉండటంతో ముఖం నీడలా కనిపిస్తుంటే, లేచి బల్ల మీది దీపాన్ని ఎదురుగా పెట్టుకున్నాను. మా ఆవిడ పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది. డాక్టరమ్మ గారు నన్ను కాసేపు ఆగమని, మీకు ఎలా ఉందమ్మా అని ఆవిడను అడిగారు. ఇలాంటి కాల్‌లో ఆ ప్రశ్న తననూ అడుగుతారని ఆవిడ అనుకోలేదట. పావుగంట మాట్లాడింది.