ఎంవీపీ కాలనీ కౌన్సెలింగ్: కింద నేను, మేడ మీద అక్క

విశాఖ పాత గాజువాకలో నాది ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. పోయినేడు సరుకు కోసం డాబాగార్డెన్స్ బయల్దేరితే, ఎన్ఏడీ ఫ్లైఓవర్ మీద బస్సులో గుండె దడ పట్టుకుంది. ఒళ్లంతా చెమట, చేతులు తిమ్మిరి. ఇక అయిపోయాననుకున్నాను. రెండుసార్లు ఈసీజీ తీశారు, రెండూ నార్మలే. తర్వాత ఒకచోట డాక్టరుకి చూపించుకుంటే, ఆయన తలెత్తకుండానే "టెన్షన్ తగ్గించుకోండి" అని చీటీ రాసిచ్చారు. తగ్గించుకోవడం తెలిస్తే మీ దగ్గరికెందుకు వస్తాను సార్?

ఆఖరికి ఎంవీపీ కాలనీలోని ఈ సెంటరుకి చేరాను. ముప్పావు గంటకి వెయ్యి రూపాయలు. నా వెనకే అక్క కూడా చేరింది. అక్కది ఓసీడీ, కడిగిన చెయ్యే మళ్లీ మళ్లీ కడుగుతుంది. నాకు కింద గదిలో మేడమ్, అక్కకి మేడ మీద సార్.

మొదటి రోజు మేడమ్ అడిగారు, "ఈ దడ లేకపోతే రేపు పొద్దున్నే ఏం చేస్తారు?" అని. ఒక్కణ్ణే బస్సెక్కి సరుకు తెచ్చుకుంటానన్నాను. అదే రాసుకున్నారు. పైన సార్ కూడా అలాంటిదే అడిగితే, "మనవడికి నా చేత్తో అన్నం కలిపి పెడతాను" అందట అక్క. 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే అమెరికా సైకాలజిస్టు ఏ థెరపీకైనా మూడు కుదరాలని రాశాడని మేడమ్ చెప్పారు: ఎక్కడికి చేరాలో ఇద్దరికీ ఒప్పుదల, అందుకు చేయాల్సిన పని మీద ఒప్పుదల, ఒకరి మీద ఒకరికి గురి. తలెత్తని ఆయన దగ్గర నాకు ఈ మూడింట్లో ఒక్కటీ దొరకలేదు.

ఇక అసలు పని. నన్ను నిలబడ్డ చోటే ఒక నిమిషం పరిగెత్తమన్నారు. ఇంకోరోజు సన్నటి స్ట్రాలోంచి ఊపిరి పీల్చమన్నారు. అచ్చం ఫ్లైఓవర్ మీది దడే! "భయం నూటికి ఎంత?" తొంభై. ఆపకుండా కూర్చుంటే కాసేపటికి నలభై. పైన అక్క చేత చెప్పు అడుగు ముట్టించి, గంటసేపు చెయ్యి కడగవద్దన్నారు. తనూ నూటికి ఎంతో చెప్పాలి. ఇంటికొచ్చాక పరీక్ష రాసొచ్చిన పిల్లల్లా మార్కులు పోల్చుకునేవాళ్లం.

నాకు కళ్లు తెరిపించింది మాత్రం వేరే సంగతి. అక్క రోజుకి పాతికసార్లు "ఒరేయ్, చెయ్యి శుభ్రంగానే ఉందా?" అనేది. నేను "ఉందక్కా" అనేవాణ్ణి, పుణ్యం చేస్తున్నాననుకుని. సార్ నన్ను పైకి పిలిచి, ఆ జవాబుతో భయం కాసేపు చల్లారి రెట్టింపై తిరిగొస్తుంది, ఇవ్వకండి అన్నారు. మెట్లు దిగుతుంటే నా సంచి గుర్తొచ్చింది. నీళ్ల సీసా, మందుల షాపులో అడిగి కొన్న నాలుక కింది మాత్ర, పక్కన మా ఆవిడ. ఈ మూడూ లేకుండా బస్సెక్కేవాణ్ణి కాదు. అక్కకి నా జవాబెంతో, నాకు ఆ సంచీ అంతే!

అలాగైతే గదులు రెండెందుకని మేడమ్‌ని అడిగేశాను, వ్యాపారస్తుణ్ణి కదా. నవ్వారు. "ఇది గుండెపోటేనా?" అని నా ఆలోచనని తరచి చూడటం నాకు పనికొచ్చిందట. అక్కతో మురికి గురించి వాదిస్తే ఆ వాదనే ఇంకో కడుగుడైపోతుందట. పైగా అక్కకి సైకియాట్రిస్టు రాసిన మాత్రలూ ఉన్నాయి, అవి నడుస్తున్నాయి.

లోపాలు లేకపోలేదు. రిసెప్షన్‌లో చెప్పాపెట్టకుండా టైం మార్చేస్తారు, రెండుసార్లు గాజువాక నుంచి ఊరికే వచ్చి వెళ్లాను. వెయిటింగ్ హాల్లో టీవీ గోల. ఫీజు అందరికీ అందదు. అంత పెట్టలేనివాళ్లకి చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. మానసిక సమస్యలకి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ, 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఈ రెండు ముక్కలూ వాళ్ల గోడ మీద రాసిపెట్టొచ్చు కదా.

పదకొండు విజిట్లయ్యాయి. మొన్న ఫ్లైఓవర్ మీద దడ మళ్లీ వచ్చింది. దిగిపోలేదు, ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా వెళ్లాను, సంచిలో స్విచ్చుల బిల్లు తప్ప ఏమీ లేదు. అక్క మనవడికి పప్పన్నం కలిపి పెట్టింది కానీ, సబ్బు ఖర్చు ఇంకా తగ్గలేదు.

ఐదుకి నాలుగు స్టార్లు. బండి మాత్రం పక్కవీధిలో పెట్టుకోండి.