కువైటా, రొయ్యల షెడ్డా: మొగుడూపెళ్లాల కథకు ఏది మేలు?

మొగుడూపెళ్లాల మధ్య పెత్తనం చేతులు మారే కథ రాయాలనుకుంటే మా గోదావరి లంకల్లో ముందు తేలాల్సింది ఒకటే: ఆవిడ చేతికి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? అందరికీ తట్టేవి రెండు దార్లు. కువైట్ పంపడం, లేదా రొయ్యలు ఒలిచే షెడ్డుకు పంపడం.

నరసాపురం లేసు కూడా ఉంది కదా అంటారేమో. ఉంది, కానీ అది వేరే పాఠం. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఆ లేసు అల్లే ఆడవాళ్ల మీద 1982లో పుస్తకమే వేసింది. వాళ్లు అల్లింది విదేశాలకు పోయేది, అమ్మకం మాత్రం మగవాళ్ల చేతిలో ఉండేది. అల్లినవాళ్లు గృహిణులుగానే మిగిలిపోయారు, అదేదో ఖాళీ టైములో చేసుకునే పని అన్నట్టు. సంపాదన వస్తే పెత్తనం దానంతటదే వస్తుందనుకునే కథకుడు ఒకసారి ఆ వీధి అరుగుల మీద కూర్చుని రావాలి. లెక్క అడిగేది ఎవరన్నదే అసలు సంగతి.

సరే, కువైట్. ఈ కథకు ఉన్న బలం మరో కథకు లేదు: ఒకే మనిషి ఒక ఇంటికి యజమానురాలు, ఇంకో ఇంటికి పనిమనిషి. ఇక్కడ రాత్రి పదైతే అక్కడ ఏడున్నర, వంటింటి పని ఇంకా తెమలదు. చెవి దగ్గర ఫోను నొక్కిపెట్టి, "నేను చెప్పేదాకా మేస్త్రీకి డబ్బులివ్వకండి" అని మొగుడికి చెబుతుంటుంది. అంతలో మేడమ్ కేక. ఆ కేకకు ఆవిడ గొంతు ఎలా మారిందో ఇవతల ఆయన వింటాడు. పాస్‌పోర్టు చూస్తే కఫీల్ బీరువాలో, అంటే వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న యజమాని దగ్గర. ఒక నెల డబ్బు ఆయన ఖాతాలో కాకుండా ఆవిడ తల్లి ఖాతాలో పడుతుంది. ఆ రోజు గురించి రాస్తే చాలు, కొట్టుకోవడాలూ తిట్టుకోవడాలూ అక్కర్లేదు.

అయితే చిక్కేమిటంటే, కథకుడు చేయాల్సిన పని దూరం చేసిపెడుతుంది. గొడవ ముదిరితే ఫోను పెట్టేస్తారు, అంతే. ఎదురుపడటం లేదు, చూపు తప్పించుకోవడం లేదు. అప్పుడు చేతికి దొరికే ముగింపులు రెండే: ఆవిడ పంపిన డబ్బు ఆయన తాగేశాడు, లేదా ఇంకొకామెను తెచ్చుకున్నాడు. ఈ రెండూ ఎన్నిసార్లు చదివానో నాకే గుర్తులేదు.

షెడ్డు కథలో ఆ వెసులుబాటు ఉండదు. ఆవిడ సాయంత్రానికల్లా ఇంటికొస్తుంది. చీకటితోనే వ్యాను ఎక్కి వెళ్లి, రోజంతా ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచి, వేళ్లు పాలిపోయి, ఎంత సబ్బు రుద్దినా పోని నీచు వాసనతో. ఇంట్లో ఆయన ఉంటాడు. కథను 2011లో పెట్టండి. కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని ఖరీఫ్ నాట్లు మానేసిన ఏడు. ఆయన కౌలు రైతు, వెళ్లడానికి చేను లేదు. పొయ్యి మీద అన్నం పెట్టాలా వద్దా? పెడితే చుట్టుపక్కల వాళ్లు చూస్తారు. పెట్టకపోతే ఆ వేళ్లతో ఆవిడే బియ్యం కడగాలి. ఆ ఒక్క ఎసరు దగ్గరే కథంతా ఉంది.

ఇంకోటి, మా వైపు ఆవిడ ఎంత కోపంలో ఉన్నా "అండీ" వదలదు. "మీకు వడ్డించమంటారా అండీ" అనే మాట పెళ్లయిన కొత్తలో ఒక రకం, వారం కూలి కొంగున ముడేసుకున్నాక ఇంకో రకం. పెత్తనం మారినా మాట మారదు, గొంతు మారుతుంది. ఫోన్లో ఇది సగమే అందుతుంది.

ఈ కిటుకు పాతదే. 1910లో గురజాడ 'దిద్దుబాటు' కథలో, మొగుణ్ని దారిలో పెట్టాలనుకున్న కమలినిని ఇల్లు వదిలి పంపాడా? లేదు. వెళ్లిపోయానని ఉత్తరం రాయించి ఆవిణ్ని మంచం కింద దాచాడు. మొగుడి గుండె జారేది ఆవిడ వెళ్లిపోయిందనుకుని, కథ తేలేది ఆవిడ అక్కడే ఉండటం వల్ల. అయితే ఆ దిద్దుబాటు ఒక్క రాత్రిలో అయిపోవడం మీద నాకు కాస్త అనుమానమే.

కాబట్టి పది పేజీల కథకైతే నా ఓటు షెడ్డుకే. నవల రాసే ఓపిక ఉంటే కువైట్ మంచిదే, కానీ ఆవిడ వెళ్లడంతో కాక రావడంతో మొదలుపెట్టాలి. ఏళ్ల తర్వాత సెలవు మీద రాజోలులో బస్సు దిగింది. కూతురికి జడ వేయడం ఈపాటికి ఆయన నేర్చేసుకున్నాడు. ఇల్లు ఆవిడ డబ్బుతో లేచిందే, గిన్నెలు సర్దింది మాత్రం ఆయన. కూర కలుపుతూ చెయ్యి చాచింది, ఉప్పు డబ్బా ఉండాల్సిన చోట లేదు. ఎక్కడుందో ఇప్పుడు ఆవిడ మొగుణ్ని అడగాలి.