జగదేకవీరుడు అతిలోకసుందరి: 35 ఏళ్ళ తర్వాత భీమవరంలో మళ్ళీ చూశాం

ముందే చెప్పేస్తున్నా, 2డి షో దొరికితే 2డిలోనే చూడండి. 3డి చెడగొట్టారని కాదు, శ్రద్ధగానే చేశారు, కానీ ఆ కళ్ళద్దాలు పెట్టుకోగానే తెర మీద వెలుగు బాగా తగ్గిపోతుంది, ఈ సినిమాకేమో వెలుగే ప్రాణం. మంచుకొండలు, వెన్నెల, శ్రీదేవి బట్టల మీద మెరుపులు, ఇవన్నీ మసగ్గా చూడ్డానికా మనం డబ్బులు పెట్టి వెళ్ళేది? మేం మొదట పిల్లల గొడవ పడలేక 3డికి వెళ్ళాం. ఆ తర్వాత అమ్మ కళ్ళద్దాల మీద ఇంకో కళ్ళద్దాలు నావల్ల కాదంటే ఆవిణ్ణి తీసుకుని 2డికి వెళ్ళాం. రెండూ చూశాక చెబుతున్న మాట ఇది.

1990 మే 9న విడుదలైన సినిమాని మళ్ళీ 2025 మే 9నే హాళ్ళలోకి తెచ్చారు. పాత ప్రింటుని శుభ్రం చేసి 4కేలోకి మార్చారు, మొహాలు స్పష్టంగా ఉన్నాయి, టీవీలో ఇన్నేళ్ళూ చూసిన ఆ ఎర్రబారిన రంగులు పోయాయి. దర్శకుడు కె.రాఘవేంద్రరావు, నిర్మాత అశ్వినీదత్, సంగీతం ఇళయరాజా, పాటలన్నీ వేటూరి. ఈ వివరాలు తెలియని వాళ్ళు మా వైపు ఎవరూ లేరనుకోండి.

మా వైపు అంటే పాలకొల్లు, నర్సాపురం, మొగల్తూరు. ఈ సినిమాని మావాళ్ళు సొంత సినిమా అనుకోవడానికి కారణం ఉంది. చిరంజీవిది మొగల్తూరు, చదివింది నర్సాపురం వై.ఎన్. కాలేజీ. మాటలు రాసిన జంధ్యాల పుట్టింది నర్సాపురంలో. అల్లు రామలింగయ్యది పాలకొల్లు. ఆయన నాటకాల మీద నుంచి సినిమాల్లోకి వెళ్ళిన మనిషి, హోమియో మందులు కూడా ఇచ్చేవారు, రాజమండ్రిలో ప్రభుత్వ హోమియో కాలేజీకి ఆయన పేరే పెట్టారు. ఈ మూడు ఊళ్ళూ ఒక్క పూటలో చుట్టి రావచ్చు. ఇంద్రుడి కూతురి కథలో కూడా మన వీధిలో మాట్లాడుకున్నట్టు వినిపించడానికి ఇది చాలావరకు కారణమని నా నమ్మకం.

అమ్మ ఈ సినిమా మొదటిసారి చూసింది తుఫాను తర్వాత. 1990 మేలో వచ్చిన ఆ పెద్ద తుఫాను సరిగ్గా సినిమా విడుదలైన మే 9నే కోస్తా మీద తీరం దాటింది, 900 మందికి పైగా చనిపోయారు. కృష్ణా, గుంటూరుతో పాటు గోదావరి జిల్లాలూ దెబ్బతిన్నాయి. అమ్మ చెప్పేది వింటే కళ్ళకు కట్టినట్టుంటుంది: కళ్ళంలో ఉన్న దాళ్వా ధాన్యం తడిసి మొలకలొచ్చేసింది, కొబ్బరిచెట్లు రోడ్డుకి అడ్డంగా పడిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు సినిమా ఎవరిక్కావాలి? హాళ్ళ ముందు నీళ్ళు. అయినా రోడ్లు బాగుపడగానే జనం బయల్దేరారు. "ఇంటి పెంకులు ఇంకా సర్దనేలేదే, మీ నాన్నగారు మాత్రం పద పద అని ఒకటే హడావిడి" అంది అమ్మ మొన్న హాల్లో కూర్చుంటూ. అప్పటికి వాళ్ళకి కొత్తగా పెళ్ళయింది. ఆ వారాల్లో ఆ సినిమా చూసినవాళ్ళు మా ఊళ్ళో ఇప్పటికీ దాన్ని కథగా చెబుతారు, సినిమా కథ కాదు, చూడ్డానికి ఎలా వెళ్ళారన్న కథ.

సరే, ఇన్నేళ్ళు ఎందుకు నిలబడింది? చాలామంది పాటలంటారు, శ్రీదేవి అంటారు, రెండూ నిజమే. నాకు మాత్రం ఉంగరం అనిపిస్తుంది.

రాజు (చిరంజీవి) టూరిస్టు గైడు, నలుగురు అనాథ పిల్లల్ని పెంచుతుంటాడు. వాళ్ళలో ఒక చిన్నపిల్లకి ప్రమాదంలో కాలు దెబ్బతింటుంది. ఆ కాలు బాగుచేయించడం కోసం హిమాలయాలకి, మానససరోవరానికి వెళ్తాడు. అక్కడికి విహారానికొచ్చిన ఇంద్రుడి కూతురు ఇంద్రజ (శ్రీదేవి) ఉంగరం పోగొట్టుకుంటుంది, అది రాజుకి దొరుకుతుంది. ఉంగరం లేనిదే ఆమె స్వర్గానికి తిరిగి వెళ్ళలేదు. అంతే. ఇంత పెద్ద స్వర్గాన్నీ ఒక చిన్న ఉంగరానికి కట్టి పడేశారు. ఉంగరం అతని వేలికి ఉంది కాబట్టి ఆమె అతని దగ్గరే తిరగాలి, తిరగాలంటే ఆ ఇంట్లో ఉండాలి, ఇంట్లో ఉండాలంటే ఆ పిల్లలు ఒప్పుకోవాలి. ఆమె ఎవరో అతనికి తెలియదు. ప్రేమకథ, హాస్యం, టెన్షన్ అన్నీ ఆ ఒక్క మెలిక లోంచే వస్తాయి, విడిగా కామెడీ ట్రాకు పెట్టి నవ్వించాల్సిన పనే లేదు.

మా అక్క కూతురు ఇంటర్వెల్‌కి ముందు నా చెవిలో అడిగింది, "పిన్నీ, ఉంగరం ఇమ్మని అడిగి పుచ్చేసుకోవచ్చు కదా, ఎందుకలా వెనకాల తిరగడం?" అని. చూడవే చెబుతారు అన్నాను. సెకండాఫ్ సగంలోకి వచ్చేసరికి అదే పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇప్పుడు ఇచ్చేస్తే వెళ్ళిపోతుంది కదా, ఇవ్వొద్దని చెప్పు పిన్నీ" అంటోంది. ఇంతకంటే పెద్ద రివ్యూ నేను రాయలేను. ఆమెకి ఉంగరం దొరకాలని మొదట కోరుకున్న పిల్ల, దొరక్కూడదని కోరుకునేలా ఎక్కడ మారిపోయిందో దానికే తెలియదు. తెర మీద ఇంద్రజకీ అదే జరుగుతుంది. తీసుకుపోదామని వచ్చింది, పిల్లలకి దగ్గరైంది, అతనికి దగ్గరైంది, చివరికి స్వర్గాన్నే వద్దనుకుంది. ఒక్కో సీనుకి ఒక్కో మెట్టు, ఎక్కడా గెంతు లేదు.

ఈ దిగి రావడమంతా శ్రీదేవి మొహంలో చూడాలి. "మానవా" అని పిలిచేటప్పుడు గడ్డం కాస్త పైకెత్తి, కింద ఉన్నవాళ్ళని చూసినట్టు చూస్తుంది, గొంతులో రాకుమారి దర్జా ఉంటుంది. కళ్ళు మాత్రం ఆ దర్జాకి ఒప్పుకోవు, ప్రతిదాన్నీ ఆశ్చర్యంగా చూస్తుంటాయి. ఈ రెండూ ఒకేసారి ఒకే మొహం మీద పట్టి ఉంచడం ఎంత కష్టం! గడ్డం ఒక్క పిసరు ఎక్కువ ఎత్తితే పొగరవుతుంది, కళ్ళు ఒక్క పిసరు ఎక్కువ తిప్పితే వెర్రిబాగులతనం అవుతుంది. ఎక్కడా జారలేదు ఆవిడ. సినిమా ముందుకెళ్ళేకొద్దీ ఆ గడ్డం కొంచెం కొంచెం కిందకి దిగుతుంది, "మానవా" అన్న అదే పిలుపులో అధికారం పోయి చనువు వస్తుంది. పెద్ద తెర మీద చూస్తేనే ఇది పట్టుబడింది నాకు, టీవీలో పాటల కోసమే చూసేదాన్ని. దేవకన్య అంటే నమ్మేశాం కదా అందరం, ఆ నమ్మకం గ్రాఫిక్స్ ఇచ్చింది కాదు. హిమాలయాల్లో చాలా చోట్ల స్టూడియో సెట్టు అని తెలుస్తూనే ఉంటుంది, అయినా ఆవిడ ఆ మంచుని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తే మనకీ అది మంచే.

మన జనానికి ఈ దారి కొత్త కాదు కూడా. 1961లో వచ్చిన కె.వి.రెడ్డి 'జగదేకవీరుని కథ'లోనూ ఇంద్రుడి కూతురు భూమ్మీదకొచ్చి మనిషిని చేసుకుంటుంది. పండగలకి పందిట్లో హరికథలు విని, నాటకాలు చూసి పెరిగిన ఊళ్ళు ఇవి. దేవతలు దిగొస్తారంటే ఎలా, ఎందుకు అని ఎవరూ అడగరు. దిగొచ్చాక ఏం తిన్నారు, ఎవరితో గొడవపడ్డారు, ఎవరింట్లో పడుకున్నారు, అదీ మనక్కావలసింది. ఈ సినిమా సరిగ్గా అక్కడే మొదలుపెట్టింది. ఇప్పుడొచ్చే పెద్ద పెద్ద మాయల సినిమాల్లో లోకాలు బ్రహ్మాండంగా కట్టేస్తున్నారు, ఆ లోకంలో ఒక్కడూ నవ్వడు. గంటన్నర చూశాక కూడా ఆ హీరో పొద్దున లేచి ఏం తింటాడో మనకి తెలియదు.

చిరంజీవి గురించి ఒక్క మాట చెప్పాలి. అప్పటికే ఆయన స్థాయి ఏమిటో అందరికీ తెలుసు, అలాంటి హీరో పక్కకి జరిగి హీరోయిన్‌కి కథ వదిలిపెట్టడం చిన్న విషయం కాదు. పేరులోనే సగం ఆవిడది. పిల్లల దగ్గర ఆయన చేసింది చూడండి, డాన్సు కంటే అదే ఎక్కువ నచ్చింది నాకు. పిల్లగా నటించిన బేబీ షామిలిని ఎత్తుకున్న సీన్లలో స్టారు కనపడడు, పిల్లకి ఏమవుతుందోనని లోపల్లోపల వణికే మనిషి కనపడతాడు. ఆ వణుకు లేకపోతే హిమాలయాల దాకా వెళ్ళడం ఉత్త సాహసయాత్ర అయిపోయేది.

జంధ్యాల మాటల్లో గొప్పతనం ఏమిటంటే, ఆయన దేవతకి గ్రాంథికం ఇచ్చి వెటకారం చేయలేదు. ఆమె మాట ఆమెకి సహజంగా ఉంటుంది, చుట్టూ ఉన్న మామూలు మాట వీళ్ళకి సహజంగా ఉంటుంది, రెండూ ఎదురుపడ్డప్పుడు దానంతట అదే నవ్వొస్తుంది. అల్లు రామలింగయ్య నోరు విప్పితే చాలు, హాల్లో మా వెనక వరసలో ఒక పెద్దాయన మాట రాకముందే నవ్వేస్తున్నారు. ఆ మాట ఎప్పుడొస్తుందో ఆయనకి తెలుసు మరి.

పాటల గురించి రాస్తే ఆగదు, అందుకని తొందరగా దాటేస్తాను. 'అబ్బనీ తీయని దెబ్బ'కి హాలంతా లేచింది, అది అనుకున్నదే. నన్ను పట్టుకున్నది 'అందాలలో'. జానకిగారి గొంతు మొదలవగానే ఈలలు ఆగిపోయాయి. ఎవరో ఆపమన్నట్టు కాదు, వాళ్ళంతట వాళ్ళే ఆపేశారు. ఇళయరాజా ఆ పాటలో వాద్యాలు ఎక్కడ తగ్గించారో ఇప్పటి స్పీకర్లలో వింటే తెలుస్తుంది. బాలుగారు లేరు, వేటూరి, జంధ్యాల, అల్లు రామలింగయ్య, అమ్రిష్ పురి లేరు, 2018లో శ్రీదేవి కూడా వెళ్ళిపోయింది. టైటిల్స్ పడుతుంటే ఒక్కో పేరుకీ చప్పట్లు కొట్టారు, అమ్మ మాత్రం చప్పట్లు కొట్టకుండా కళ్ళు తుడుచుకుంది.

బాగోనివి లేవా అంటే ఉన్నాయి. మాంత్రికుడు మహాద్రష్టగా అమ్రిష్ పురి చూపు, గొంతు భలే ఉంటాయి గానీ ఆ గుహ వ్యవహారం సాగుతుంది, ఆ మంత్రాలన్నీ ఒకటే రకంగా ఉంటాయి. రౌడీల గొడవ ఇంకా పాతబడిపోయింది, ఇంట్లో ఆ పిల్లల మధ్య కథ హాయిగా నడుస్తుంటే మధ్యలో వీళ్ళెందుకని విసుగొస్తుంది. ఆడవాళ్ళ మీద వేసిన కొన్ని జోకులు అప్పట్లో నవ్వుకున్నాం గానీ ఇప్పుడు మేనకోడలు పక్కన కూర్చుంటే నవ్వు రాలేదు. ఒక ఇరవై నిమిషాలు తగ్గించి ఉంటే ఇంకా బిగువుగా ఉండేది.

సీక్వెల్ తీయాలని చాలామంది అడుగుతున్నారు. నాకైతే వద్దు. ఆ ఉంగరం పని ఇంద్రజ మనసు మారేదాకానే, మారిపోయాక దాన్ని మళ్ళీ వెతికి ఏం చేస్తాం? అంత ఖర్చు పెట్టే ఓపిక ఉంటే ఇలాంటి పాత సినిమాలు ఇంకో నాలుగు శుభ్రం చేసి వెయ్యండి, మా ఊళ్ళవాళ్ళు కట్టకట్టుకుని వస్తారు. మేలో కాలవలు కట్టేసి ఉంటాయి, కోతలు అయిపోతాయి, బడులు ఉండవు, జనానికి తీరికే తీరిక.

మేం చూసిన హాలు పేరు రాయను గానీ అక్కడ 3డి కళ్ళద్దాలు గీతలు పడి ఉన్నాయి, మార్చమంటే రెండో జత కూడా అంతే, జేబులో మెత్తటి గుడ్డ పెట్టుకెళ్ళండి. ముందు వరసలు వద్దు, ఈ 3డి మధ్య నుంచి వెనక్కే బాగుంటుంది. నా మార్కులు 2డికి అయిదుకి నాలుగున్నర, 3డికి మూడున్నర. అయిదేళ్ళ లోపు పిల్లలుంటే గుహ సీన్లలో భయపడతారు, మా చిన్నాడు ఏడుపు లంకించుకున్నాడు, అప్పుడు బయటికి తీసుకెళ్ళి పాప్‌కార్న్ కొనిపెట్టి మళ్ళీ తీసుకురండి, ఆ పది నిమిషాల్లో మీరు పోగొట్టుకునేదేమీ లేదు.