నీలి టోపీ కొలువుకి ఏ శిక్షణ మేలు: మంగోలియా మైదానమా, పుణె ఔంధా?

బరంపురం, గోపాలపూర్, పర్లాకిమిడి వైపు తెల్లారకముందే రోడ్డు మీద పరుగు తీసే కుర్రాళ్లు కనిపిస్తారు. గోపాలపూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, రిక్రూటింగ్ ఆఫీసూ ఉంది. కాబట్టి ఇక్కడి తెలుగిళ్లలోనూ ఒడియా ఇళ్లలోనూ ఫౌజు మాట కొత్తదేం కాదు. ఆ మాటల్లో ‘యూఎన్ పోస్టింగ్’, అంటే నీలి టోపీ పెట్టుకునే ఐక్యరాజ్యసమితి శాంతిసేన కొలువు కూడా తరచుగా వినిపిస్తుంది. మంగోలియాలోనో పుణెలోనో పది, ఇరవై దేశాల సైనికులు కలిసి విన్యాసాలు చేస్తున్నారని టీవీలో చూపించినప్పుడల్లా ఒకటే ప్రశ్న: శాంతిసేనలో పనిచేయబోయే జవానుకి వీటిలో ఏది నిజంగా అక్కరకొస్తుంది?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆఫీసరుకైతే మంగోలియా. జవానుకైతే పుణె దగ్గరి ఔంధ్ సైనిక స్థావరం. పేరు మంగోలియాకే ఎక్కువ వచ్చినా, ఐక్యరాజ్యసమితి మిషన్‌లో అసలు భారం జవాను మీదే పడుతుంది కాబట్టి, ఒకటే ఎంచుకోమంటే నేను ఔంధ్‌నే ఎంచుకుంటాను.

అసలు ఆ కొలువులో పని ఏమిటో చూస్తే ఎందుకలా అంటున్నానో తెలుస్తుంది. శాంతిసేనకి శత్రువంటూ ఎవరూ ఉండరు. గొడవపడుతున్న పక్షాల సమ్మతితో వెళ్లాలి, ఎవరి వైపూ మొగ్గకూడదు, ఆత్మరక్షణకో, భద్రతామండలి అప్పగించిన పనిని కాపాడుకోవడానికో తప్ప బలం వాడకూడదు. ఈ మూడూ మూల సూత్రాలు. కానీ కాంగో, దక్షిణ సూడాన్ లాంటి మిషన్లలో పౌరుల ప్రాణాలు కాపాడటానికి అవసరమైతే ఆయుధం వాడే అధికారం కూడా ఇచ్చారు. ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు కాల్చాలి అన్నది చెక్‌పోస్టు దగ్గర నిలబడ్డ జవాను క్షణాల్లో తేల్చుకోవాలి. భారత్ ఇప్పటిదాకా 50కి పైగా మిషన్లకు 2,90,000 మందికి పైగా సైనికులను పంపింది. వాళ్లలో దాదాపు 180 మంది తిరిగి రాలేదు.

మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న వరస, తూర్పు కాంగోలో నీలి హెల్మెట్ పెట్టుకుని పనిచేసి వచ్చాడు. ట్రైనింగ్ గురించి అడిగితే ఒకటే అన్నాడు: “తుపాకీ పట్టడం మాకు ముందే వచ్చు కదరా. పక్క పోస్టువాడు రేడియోలో ఏం చెప్తున్నాడో తెలీకపోతేనే అసలు టెన్షన్.” విన్యాసాలను తూచడానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు దొరకలేదు. రేపు నా పక్క పోస్టులో ఉండబోయేది ఎవరు? వాళ్లతో కలిసి నేను ముందే పనిచేశానా?

ఇక మంగోలియా సంగతి. అక్కడ జరిగే విన్యాసం పేరు ఖాన్ క్వెస్ట్. దాన్ని 2003లో అమెరికా, మంగోలియా రెండే కలిసి మొదలుపెట్టాయి. 2006 నుంచి అది పలు దేశాల శాంతి పరిరక్షణ విన్యాసమైంది. ఉలాన్‌బాటర్ దగ్గర ఫైవ్ హిల్స్ అనే శిక్షణ మైదానంలో జరుగుతుంది. భారత్ ఇటీవలి కాలంలో 40 మంది దాకా ఉండే దళాన్ని పంపుతోంది. 2024లో జూలై 27 నుంచి ఆగస్టు 9 దాకా జరిగినప్పుడు మన దళంలో ఎక్కువమంది మద్రాస్ రెజిమెంట్ బెటాలియన్‌వాళ్లే. తెలుగు కుర్రాళ్లు చేరే రెజిమెంట్ కావడంతో ఆ వార్త ఇక్కడ చాలామంది ఆసక్తిగా చదివారు.

ఈ విన్యాసంలో రెండు భాగాలుంటాయి. ఒకటి గదిలో, మ్యాపులూ కంప్యూటర్లూ ముందు పెట్టుకుని చేసేది. కల్పిత దేశం, అందులో తిరుగుబాటు, శరణార్థుల కదలిక, పైనుంచి వచ్చిన ఆదేశం ఇస్తారు. వేర్వేరు దేశాల ఆఫీసర్లు ఒకే హెడ్‌క్వార్టర్స్‌లా కూర్చుని ప్లాన్ వేయాలి. రెండోది మైదానంలో. చెక్‌పోస్టు నడపడం, పెట్రోలింగ్, ఒక ప్రాంతాన్ని చుట్టుముట్టి వెతకడం, ప్రమాదంలో ఉన్న పౌరులను బయటికి తీసుకురావడం, దారిలో అమర్చిన నాటు బాంబు (ఐఈడీ) కనిపిస్తే ఏం చేయాలి, గాయపడ్డవాడిని ఎలా తరలించాలి, ఇలా ఒక్కో పనికి ఒక్కో చోటు. దళాలు ఒకదాని తర్వాత ఒకటి వాటన్నిటి గుండా వెళ్లాలి.

గదిలో జరిగే భాగం చాలా విలువైనదని నా నమ్మకం. అమెరికా ఆఫీసరు ఆదేశం రాసే తీరు వేరు, మన ఆఫీసరు రాసే తీరు వేరు. చైనా సైనికులు కూడా ఆ విన్యాసానికి వచ్చిన సందర్భాలున్నాయి. ఇంతమంది ఒకే కాగితం మీద ఒప్పుకోవడం నేర్చుకునే చోట్లు ప్రపంచంలో ఎక్కువ లేవు. రేపు మిషన్ హెడ్‌క్వార్టర్స్‌లో కూర్చోబోయే మేజర్‌కో కల్నల్‌కో ఇది బాగా పనికొస్తుంది. ఆతిథ్యమిచ్చే మంగోలియా కూడా ఉత్తి ప్రేక్షకురాలు కాదు, దక్షిణ సూడాన్‌కి బెటాలియన్ పంపిన దేశం.

జవాను సంగతికొస్తే లెక్క మారుతుంది. అక్కడికి వచ్చే దేశాల్లో చాలావాటికి మనతో కలిసి ఆఫ్రికాలో పోస్టు నడిపే పని పడదు. అమెరికా సైనికులైతే శాంతిసేనలో దళాలుగా దాదాపు ఉండరు. రెండు వారాలు భుజం భుజం కలిపి చెక్‌పోస్టు నడిపిన స్నేహం రేపు పక్క పోస్టు దాకా రాదు. పైగా మంగోలియా ఎండాకాలపు గడ్డి మైదానంలో చూపు మైళ్ల దూరం పోతుంది. తూర్పు కాంగోలోని కొండలూ అడవిలో వంద గజాల అవతల ఏముందో కనిపించదు.

ఔంధ్‌లో దీనికి భిన్నమైన పని జరిగింది. 2016 మార్చిలో ఆగ్నేయాసియా దేశాలతోనూ, అమెరికా, రష్యా, చైనా, జపాన్ లాంటి దేశాలతోనూ కలిపి 18 దేశాల విన్యాసం అక్కడే చేశారు. దాని పేరు ఫోర్స్ 18. మందుపాతరల తొలగింపు, శాంతి పరిరక్షణ, ఈ రెండే అంశాలు. 40 మంది భారత దళానికి నాయకత్వం వహించింది అప్పటి లెఫ్టినెంట్ కల్నల్ సోఫియా ఖురేషీ. పలు దేశాల విన్యాసంలో భారత సైనిక దళాన్ని నడిపించిన తొలి మహిళా ఆఫీసర్ ఆవిడే. అంతకుముందు 2006లో కాంగో మిషన్‌లో పనిచేసిన అనుభవం ఉంది. అలాంటి మనిషి చేతిలో శిక్షణ పెట్టడం సరైన నిర్ణయం.

కానీ నా తక్కెడ ఔంధ్ వైపు మొగ్గింది ఫోర్స్ 18 వల్ల కాదు, ఆఫ్రికా దేశాలతో అక్కడే చేసే ఆఫిండెక్స్ అనే విన్యాసం వల్ల. 2019 మార్చి 18 నుంచి 27 దాకా మొదటిసారి జరిగింది. ఘనా, కెన్యా, నైజీరియా, సెనెగల్, దక్షిణాఫ్రికా, టాంజానియా, ఉగాండా, జాంబియా, ఇలా 17 ఆఫ్రికా దేశాలవాళ్లు పుణె వచ్చారు. 2023 మార్చిలో మళ్లీ చేశారు, అదే సమయంలో భారత్, ఆఫ్రికా సైన్యాధిపతుల సమావేశం కూడా పుణెలో పెట్టారు.

ఆ దేశాల పేర్లు చూస్తే నాకు గోమా గుర్తొస్తుంది. 2012 నవంబరులో తూర్పు కాంగోలోని ఆ నగరాన్ని ఎమ్23 తిరుగుబాటుదారులు ఆక్రమించారు. ఉత్తర కివు ప్రాంతంలో అప్పటికే భారత బ్రిగేడ్ ఉంది. శాంతిసేన ఉండి కూడా నగరం పోయిందని ప్రపంచమంతా తప్పుపట్టింది. 2013 మార్చిలో భద్రతామండలి 2098వ తీర్మానంతో, దాడి చేసే అధికారమున్న ప్రత్యేక బ్రిగేడ్‌ను అక్కడికి పంపింది. అందులో దక్షిణాఫ్రికా, టాంజానియా, మలావీ సైనికులున్నారు. ఒకే చోట ఒక బ్రిగేడ్‌ది కాపాడే పని, ఇంకో బ్రిగేడ్‌ది వెంటాడే పని. ఇద్దరి మధ్యా సమాచారం ఎలా నడవాలి, గాయపడ్డవాళ్లను ఎవరు తీసుకెళ్లాలి, ఊరివాళ్లు ఎవరిని నమ్మాలి? మలావీ మినహా ఆ దేశాలు 2019లో ఔంధ్‌కి వచ్చాయి. పక్క పోస్టు అంటే నా ఉద్దేశం అదే.

అంతకుముందు సియెర్రా లియోన్ అనుభవమూ ఉంది. 2000లో కైలాహున్‌లో మన గూర్ఖా కంపెనీలను తిరుగుబాటుదారులు రెండు నెలలకు పైగా దిగ్బంధించారు. జూలైలో ఆపరేషన్ ఖుక్రీతో వాళ్లను విడిపించారు, ఘనా, నైజీరియా బెటాలియన్లు కూడా సాయపడ్డాయి. సైనికపరంగా గెలుపే. కానీ మిషన్ పైస్థాయిలో కమాండర్ల మధ్య విభేదాలు బయటపడ్డాయి, కొద్ది నెలల్లోనే భారత్ తన దళాలను వెనక్కి తీసుకుంది. ఆనాటికి ఔంధ్ లాంటి వేదిక ఉండి ఉంటే అన్నీ సర్దుకునేవని అనను. కానీ ముఖాలు తెలిసినవాళ్ల మధ్య అపనమ్మకం అంత తొందరగా ముదరదు.

పొరుగు దేశాల విన్యాసాలను కూడా తీసిపారేయకూడదు. నేపాల్‌లో పాంచ్‌ఖాల్ శిక్షణ కేంద్రంలో శాంతి ప్రయాస్ జరుగుతుంది. 2021 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ శాంతిర్ ఒగ్రొసేనా నిర్వహించింది, భారత్, భూటాన్, శ్రీలంక వెళ్లాయి. నేపాల్, బంగ్లాదేశ్, భారత్ మూడూ శాంతిసేనకు ఎక్కువమందిని పంపే దేశాలు కాబట్టి పక్క పోస్టు లెక్కలో ఇవీ నెగ్గుతాయి. అయితే తిండి, మాట, పద్ధతి కొంచెం దగ్గరగా ఉన్నవాళ్లతో మన జవాను ఎలాగూ కలిసిపోతాడు. శిక్షణ కావాల్సింది అసలు పరిచయం లేనివాళ్లతో.

ఢిల్లీలో 2000లో మొదలైన ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షణ శిక్షణ కేంద్రాన్ని వీటితో పోల్చడం కుదరదు. మిషన్‌కి బయల్దేరే ముందు నియమాలు, పౌర రక్షణ, లైంగిక దోపిడీ మీద కఠిన నిషేధం, ఇవన్నీ నేర్పే మూల శిక్షణ అది. విదేశీ ఆఫీసర్లు కూడా వచ్చి చదువుకుంటారు. అది లేకుండా ఏ విన్యాసానికి వెళ్లినా పునాది లేకుండా గోడ కట్టినట్టే.

ఔంధ్ మేలన్నాను గానీ లోటుపాట్లున్నాయి. మొదటిది మహిళల సంఖ్య. హింస జరిగిన ఊళ్లో ఆడవాళ్లు మగ సైనికుడితో నోరు విప్పరు. మేజర్ రాధికా సేన్ కాంగోలో మన దళం తరఫున ఊళ్లలోకి వెళ్లి మహిళలతో, పిల్లలతో పనిచేసే ప్లటూన్‌ను నడిపినందుకు ఐక్యరాజ్యసమితి ఆవిడకు 2023 సంవత్సరపు మిలిటరీ జెండర్ అడ్వకేట్ పురస్కారం ఇచ్చింది. 2024లో మంగోలియా వెళ్లిన 40 మందిలో మహిళలు ముగ్గురే. ఏ విన్యాసమైనా ఈ లెక్క పెంచుకోకపోతే అసలు పనిలో సగం నేర్పనట్టే.

రెండోది ఒక విన్యాసానికీ తర్వాతిదానికీ మధ్య ఎడం. 2019 తర్వాత మళ్లీ 2023లోనే ఆఫిండెక్స్ జరిగింది. మధ్యలో కోవిడ్ వచ్చింది, నిజమే. కానీ నాలుగేళ్లలో కంపెనీలూ కమాండర్లూ మారిపోతారు, ముందు నేర్చుకున్న ముఖాలు ఇంటికి వెళ్లిపోతాయి. ఇప్పుడు డబ్బు కూడా తక్కువైంది. నిధుల కొరత వల్ల శాంతిసైనికుల సంఖ్యను దాదాపు పావు వంతు తగ్గించాల్సి వస్తుందని 2025 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి చెప్పింది. లెబనాన్ మిషన్‌ను 2026 డిసెంబరు 31తో ముగించాలని భద్రతామండలి తీర్మానించింది. పోస్టులు తగ్గితే మిగిలిన పోస్టుల మధ్య దూరం పెరుగుతుంది, పక్క పోస్టు మీద ఆధారపడటం ఇంకా ఎక్కువవుతుంది. అందుకని ఖర్చు కోతలో ఆఫిండెక్స్‌ను కొట్టేయకుండా రెండేళ్లకోసారైనా పెట్టాలి. మంగోలియాకి ఆఫీసర్లను ఎక్కువగా, జవాన్లను తక్కువగా పంపినా నష్టం లేదు.

మూడోది వాన. దక్షిణ సూడాన్‌లో వానలు పడితే మట్టి రోడ్లు బురదలో కలిసిపోతాయి, పోస్టులకు హెలికాప్టరే దిక్కు. 2013 డిసెంబరులో అకోబోలో మన చిన్న పోస్టును దాదాపు రెండు వేలమంది సాయుధులు చుట్టుముట్టారు, లోపల ఆశ్రయం పొందిన పౌరుల కోసం నిలబడి ఇద్దరు భారత జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. దూరాన ఒంటరిగా ఉన్న పోస్టుకు సాయం చేరడమంటే ఎంత కష్టమో మన వైపువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మల్కాన్‌గిరి జిల్లా చిత్రకొండ అవతల, బలిమెల రిజర్వాయర్ నీళ్లు చుట్టేసిన ఊళ్లకు 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా పడవే దారి. వానాకాలంలో అక్కడ డ్యూటీ చేసినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆఫిండెక్స్ రెండుసార్లూ మార్చిలో, పొడి నేల మీద జరిగింది. దాన్ని జూలైకి జరిపి, ఒక కంపెనీని రోడ్డు తెగిన చోట మూడు రాత్రులు ఒంటరిగా ఉంచి, సాయానికి రావాల్సింది ఘనావాళ్లో టాంజానియావాళ్లో అని పెట్టి, మాటంతా రేడియోలో దుబాసీ ద్వారానే నడపాలని నియమం పెడితే, అక్కడ చెమటోడ్చిన జవాను మిషన్‌కి సిద్ధమై వెళ్తాడు.