వేట విరామంలో బోటు బ్యాటరీ: ఎక్కడ ఉంచితే మేలు?

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజన్ బోట్ల వేట బంద్. అంతర్వేది, భైరవపాలెం, కాకినాడ రేవుల్లో వలలకీ ఇంజన్లకీ మరమ్మతు జరుగుతుంది గానీ, బ్యాటరీని పట్టించుకునేవాళ్లు తక్కువ. చలిదేశాల్లో బోట్లు చలికాలంలో ఆగుతాయి కాబట్టి బ్యాటరీ నిదానంగా దిగుతుంది. మనకు ఆగేది మండువేసవిలో. వేడి పది డిగ్రీలు పెరిగితే ఊరికే ఉన్న బ్యాటరీ సుమారు రెట్టింపు వేగంతో దిగుతుంది. దిగినదాన్ని అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పూర్తిగా కోలుకోదు.

అందుకే బోటులోనే వదిలేయడం అన్నిటికన్నా చేటు. ఉప్పుగాలికి టెర్మినళ్లు పూస్తాయి, ఎక్కడో చిన్న వైరు కరెంటు లాగుతూనే ఉంటుంది.

ఒకటే బ్యాటరీ ఉన్న చిన్న బోటుకైతే ఇంటికి తెచ్చుకోవడమే మేలు. ముందు నెగటివ్ వైరు విప్పాలి, తర్వాతే పాజిటివ్. మూతలు బిగించి, వంటసోడా నీళ్లతో టెర్మినళ్లు తోమి, ఆరాక వాజలిన్ రాయండి. గాలి ఆడే నీడలో ఉంచండి. సిమెంటు నేల మీద పెడితే దిగిపోతుందన్న భయం ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు అక్కర్లేదు. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం) 12 వోల్టుల బ్యాటరీకి 10 ఆంపియర్లు మించకుండా, మూడు వారాలకోసారి ఛార్జింగ్ పెట్టండి. మధ్యలో మీటరు 12.4 వోల్టులు గానీ అంతకన్నా తక్కువ గానీ చూపిస్తే వెంటనే పెట్టాలి. డిస్టిల్డ్ వాటర్ ఛార్జింగ్ అయ్యాకే పొయ్యాలి, ముందే నిండా పోస్తే యాసిడ్ పొంగుతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందే పొయ్యండి. బోరు నీళ్లు, ఆర్వో నీళ్లు వద్దు.

ఇంటికి తెచ్చారు కదా అని ఇన్వర్టర్‌కి తగిలించొద్దు. సెల్ఫ్ కొట్టే బ్యాటరీలో ప్లేట్లు పలచన. క్షణంలో ఎక్కువ కరెంటు ఇవ్వడానికే చేసినవి. కరెంటు పోయిన రాత్రుల్లో ఫ్యాన్లకు గంటలకొద్దీ వాడితే ప్లేట్ల మీది ముద్ద రాలిపోతుంది. లైట్లకు వాడే ట్యూబులర్ బ్యాటరీ (గంటలకొద్దీ వాడకానికి చేసిన రకం) అయితే పర్లేదు.

బరువైన బ్యాటరీలు రెండేసి ఉన్న పెద్ద బోటు కాపలా ఉన్న రేవులో ఉంటే సోలారే నయం. 100 ఏహెచ్‌కి 10 వాట్ల ప్యానెల్ చాలు. కంట్రోలర్ (ఛార్జింగ్ ఎక్కువ కాకుండా ఆపే పరికరం) లేకుండా మాత్రం పెట్టొద్దు, రెండు నెలల ఎండకు ఛార్జింగ్ ఎక్కువై నీళ్లు తగ్గిపోతాయి. కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ కలిపి, తర్వాత ప్యానెల్ కలపాలి. నెలకోసారి నీళ్ల మట్టం చూడాలి.

ఎలా ఉంచినా జూన్ మొదటి వారంలోనే సెల్ఫ్ కొట్టి చూడండి. నిండా ఛార్జింగ్ ఉన్నా ఆ క్షణంలో 9.6 వోల్టుల కిందికి పడితే చాలావరకు కొత్తది కొనాల్సిందే.