కజార్ ఇరాన్ ఆడవాళ్ల దస్తావేజులు: చూడ్డానికి ఉచితం, చదవడానికి తంటాలు

హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ల ‘ఉమెన్స్ వరల్డ్స్ ఇన్ కజార్ ఇరాన్’ డిజిటల్ భాండాగారం పైసా కట్టకుండా చూడొచ్చు. పర్షియన్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ ఉంది. చరిత్రకారిణి అఫ్సానే నజ్మాబాదీ చొరవతో మొదలైంది. ఇళ్లలో పెట్టెల అడుగున పడి ఉన్న పెళ్ళి ఒప్పందాలు, వీలునామాలు, వక్ఫ్ (ధర్మకార్యానికి ఆస్తి రాసిచ్చే) పత్రాలు, ఉత్తరాలు, ఫోటోలను స్కాన్ చేసి పెట్టారు. కజార్ రాజులు ఏలిన 19వ శతాబ్దపు ఇరాన్‌లో ఒక స్త్రీ తన సొంత ఆస్తిని ఏం చేసిందో ఇంత దగ్గరగా చూపించే చోటు మరొకటి దొరకడం కష్టం.

ఇబ్బందల్లా బొమ్మ దాటాక మొదలవుతుంది. చాలా దస్తావేజులకు క్లుప్త వివరణే తప్ప పూర్తి పాఠం లేదు. చదువుకునే భారం మనదే.

వక్ఫ్‌నామా నడక తెలిస్తే సగం పని అయినట్టే. మొదట దైవస్తుతి. అందులో దేవుణ్ణి ‘మనసుల్లోని రహస్యాలు ఎరిగినవాడు’ అంటారు. అరబీలో ఆ ‘ఎరిగినవాడు’, వక్ఫ్ చేసే దాత, రెండూ ‘వాఖిఫ్’ మాటే. ఆ శ్లేష కనిపించిందంటే కాగితం ఏమిటో తేలిపోయినట్టే. తర్వాత దాతను పొగిడే బిరుదుల వరస సాగుతుంది, అసలు పేరు వాటి చివర ఉంటుంది. ఆ తర్వాత ఆస్తి, దాని నాలుగు హద్దులు, అంటే మన చెక్కుబందీయే. వాటాకి మనం పదహారణాల లెక్క వేసినట్టు అక్కడ ఆరు దాంగులు: ‘మూడు దాంగులు’ అంటే సగం. చివరికి ఆదాయం దేనికి ఖర్చు పెట్టాలి, ముతవల్లీ (వక్ఫ్ ఆస్తిని చూసుకునేవాడు) ఎవరు, అతని వంతు ఎంత (తరచూ పదోవంతు) అన్నవి వస్తాయి.

‘ఖబ్జ్’ (స్వాధీనం) అన్న మాటను మాత్రం వదలకండి. షియా ధర్మశాస్త్రం ప్రకారం ఆస్తిని అప్పగిస్తేనే వక్ఫ్ పూర్తవుతుంది. అప్పగించకముందే దాత చనిపోతే అది వారసులకే పోతుంది. వారసుల తగాదాలకి ఇదో పెద్ద సందు.

వీలునామాలకి లెక్క వేరు. కఫన్ (శవానికి చుట్టే గుడ్డ) ఖర్చు, అప్పులు పోగా మిగిలిన దాంట్లో మూడోవంతు వరకే ఇష్టప్రకారం రాయొచ్చు. అంతకు మించితే వారసులు ఒప్పుకోవాలి. ఆ మూడోవంతులో ఏం పెట్టేవారో చూస్తే ఆ కాలపు చావు భయమంతా అర్థమవుతుంది: తప్పిపోయిన నమాజులూ ఉపవాసాలూ కూలికి చేయించడం, షియాల పుణ్యక్షేత్రాలైన కర్బలా లేదా నజఫ్‌లో (ఇప్పటి ఇరాక్) ఖననం, రౌజా (కర్బలా అమరుల శోకగాథ) చదివించడం. శవాన్ని ముందు తాత్కాలికంగా పాతిపెట్టి, తర్వాత నమదాలో (ఉన్ని కంబళిలో) చుట్టి కంచర గాడిదల మీద ఖానఖీన్ సరిహద్దు దాటించేవారు. అక్కడ ఒట్టొమన్ అధికారులకి సుంకం కట్టాలి. మూడో రోజు, ఏడో రోజు, నలభయ్యో రోజు, ఏడాది: ఈ సంతాప దినాల ఖర్చులూ ఇలాంటి కాగితాల్లోనే దొరుకుతాయి.

తేదీల దగ్గర బోల్తా పడేవాళ్లు ఎక్కువ. కజార్ కాగితంలో 1300 అంటే చాంద్రమాన హిజ్రీ, 1882-83. దాన్ని ఇప్పటి ఇరాన్ సౌరమానంగా తీసుకుంటే 1921 అయిపోతుంది. మొహరు (ముద్ర) మీద చెక్కిన సంవత్సరం ఆ మొహరు చేయించినది. దస్తావేజు రాసిన ఏడాది కాదు. పైభాగంలో ‘సవాద్’ అని ఉంటే అది నకలు, అసలు ప్రతి కాదు.

డబ్బు లెక్కలు, అంటే తుమానులు, ఖిరాన్లు, సియాఖ్ (పాత లెక్కల రాత) గుర్తుల్లో రాసి ఉంటే అంకెలు తెలిసినవాళ్లకి కూడా అంతుపట్టవు. ఈ రాత మన దక్కను దస్త్రాల్లోనూ ఉంది కాబట్టి హైదరాబాద్‌లో పాత కాగితాలు చదివేవాళ్లు కొంత సాయపడగలరు. అయితే ఇరానీ గుర్తులకీ మనవాటికీ తేడాలున్నాయి. ఒక తుమాను పది ఖిరాన్లు, ఒక ఖిరాన్ ఇరవై షాహీలు.

పేర్లతో వెతికేటప్పుడు పర్షియన్ లిపిలోనే టైపు చేయండి. ఇంగ్లిష్ స్పెల్లింగు పుస్తకానికొక రకంగా మారుతుంది. ‘మహ్దె ఉల్యా’ లాంటి బిరుదులు ఒక్కరివి కావు, షాల తల్లులకు తరతరాలుగా ఇచ్చినవి. వ్యక్తి పేజీ తెరిచి తండ్రి, భర్త ఎవరో సరిచూసుకోకపోతే ఒకరి వీలునామా ఇంకొకరికి అంటగడతాం.

దాచుకున్న కుటుంబాల కాగితాలే కాబట్టి ఇక్కడ కలిగినవాళ్ల గొంతే ఎక్కువ. పల్లెటూరి పేదరాలి నలభయ్యో రోజు ఎలా గడిచిందో ఇందులో వెతక్కండి. ఇంకో మాట, ఫోన్‌లో తెరవొద్దు: అంచుల్లో అడ్డంగా, తలకిందులుగా రాసిన సాక్ష్యాలు పెద్ద తెర మీద పెంచుకుంటే తప్ప కనపడవు.