ఐదు దారాల ఓవర్‌లాక్ మీద దిండు గలీబులు: మూడేళ్లు వాడాక

మా షెడ్డులోకి వచ్చిన మిషన్లన్నిట్లోకీ నాకు ఎక్కువ ఇష్టమైంది ఐదు దారాల ఓవర్‌లాక్, అంటే గుడ్డ అంచు పోగులు ఊడకుండా కట్టే మిషన్. మూడేళ్లు పైబడి రోజూ దాని మీదే దిండు గలీబులు కుట్టిస్తున్నాం. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం మిషన్లు ఎవరివైనా దాదాపు ఒకే తీరున పనిచేస్తాయి, నేను రాసేది ఆ కుట్టు గురించి. మోటారు ఎంత, బరువు ఎంత, సర్వోనా కాదా అనేవి ఏ షాపులో అడిగినా చెబుతారు, వాటి జోలికి పోను.

మాది తిరుపతి కొర్లగుంటలో చిన్న యూనిట్. పనిలో ఎక్కువ భాగం లాడ్జీలకే: తెల్ల గలీబులు, దుప్పట్లు, కంఫర్టర్ కవర్లు. గుడ్డ ఈరోడ్, కరూరు వైపు నుంచి తెప్పించుకుంటాం. ఈ ఊళ్లో గది అంటే ఒక రోజు లెక్క. యాత్రికులు వస్తారు, దర్శనం చేసుకుంటారు, మరుసటి రోజు ఖాళీ చేస్తారు. కాబట్టి మేం కుట్టిన గలీబు ఇంట్లో గలీబులాగా వారానికోసారి కాదు, దాదాపు ప్రతి రోజూ లాండ్రీకి పోతుంది. బ్లీచింగ్, వేడినీళ్లు, నీళ్లు పిండే డ్రమ్ము, ఇస్త్రీ రోలరు, మళ్లీ మంచం. ఇంత ఉతుకులో గుడ్డ కన్నా ముందు పోయేది పక్క కుట్టు. పైగా ఆర్డర్లు ఏడాది పొడుగునా సమంగా రావు. బ్రహ్మోత్సవాలకు ముందు, వైకుంఠ ఏకాదశికి ముందు అందరికీ ఒకేసారి కావాలి. అంటే మాకు కుట్టు గట్టిగా ఉండాలి, త్వరగా కూడా అవ్వాలి.

ఇంతకు ముందు పక్క కుట్టు రెండు విడతల్లో అయ్యేది. మొదట సింగిల్ నీడిల్ మిషన్ మీద నేరు కుట్టు, తర్వాత అదే గలీబును మూడు దారాల ఓవర్‌లాక్ మీద పెట్టి పోగులు ఊడకుండా అంచు కట్టడం. ఐదు దారాల మిషన్‌లో రెండు సూదులు పక్కపక్కనే ఉంటాయి. లోపలి సూది ఒక లూపర్‌తో (దారాన్ని ఉచ్చుగా వేసే కొక్కెం) కలిసి రెండు దారాల చైన్ కుట్టు వేస్తుంది, బయటి సూది మరో రెండు లూపర్లతో మూడు దారాల ఓవర్‌లాక్ వేస్తుంది, ముందున్న కత్తి మిగులు గుడ్డను కోసేస్తుంది. ఒక్కసారి పోనిస్తే పని అయిపోయింది.

కేటలాగుల్లో నిమిషానికి 6000 టాకాలు (కుట్లు) అని పెద్ద అక్షరాలతో వేస్తారు. ఆ అంకెను చూసి ఎవరూ కొనకండి. 17×27 అంగుళాల గలీబుకు ఒక పక్క కుట్టు 27 అంగుళాలు. అంగుళానికి 10 టాకాల లెక్కన 270 టాకాలు. ఆ వేగంతో మూడు సెకన్లు కూడా పట్టదు. అసలు టైం పోయేది కట్టలోంచి గలీబు తీయడం, అంచులు కలపడం, ఫుట్ కిందికి చేర్చడం, అయ్యాక పక్కన పడేయడంలో. ఈ చేతి పని రెండుసార్లు చేయాల్సింది ఒక్కసారికి తగ్గింది, మాకు కలిసొచ్చింది అదే. మిషన్ల మధ్య సగం కుట్టిన కట్టలు గుట్టలుగా పడి ఉండటం కూడా పోయింది. ఆ గుట్టల్లో సైజులు కలిసిపోయి సాయంత్రం ఏరుకోవడం ఎంత నరకమో ఈ పని చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇంకో సుఖం బాబిన్, అంటే కింది దారం చుట్టి ఉండే చిన్న చక్రం, లేకపోవడం. కంఫర్టర్ కవరు చుట్టూ కుట్టేటప్పుడు సింగిల్ నీడిల్ మీద సగంలో బాబిన్ అయిపోతుంది, అయిపోయినట్టు పైనుంచి తెలియదు, జానెడు దూరం ఉత్త సూదే గుచ్చుకుంటూ పోతుంది. వెనక్కొచ్చి మళ్లీ కలపాలి, ఆ కలిపిన చోటే ఉతుకులో మొదట పోతుంది. ఇక్కడ ఐదు దారాలూ కోన్ల (పెద్ద దారపు కండెల) నుంచే వస్తాయి. పొద్దున కోన్లు చూసుకుంటే మధ్యాహ్నం దాకా ఆగే పని లేదు. నాకు ఈ మిషన్ మీద ఇంత ప్రేమ ఉండటానికి సగం కారణం ఇదే.

దారం ఎక్కువ తాగుతుందని చాలామంది భయపెట్టారు. తాగుతుంది, నిజమే. మీటరు కుట్టుకు దాదాపు 20 మీటర్ల దారం పడుతుంది. అయితే దాన్ని ఒట్టి నేరు కుట్టుతో పోల్చకూడదు. నేరు కుట్టుకు రెండున్నర మీటర్లు, ఆ పైన మూడు దారాల ఓవర్‌లాక్‌కు 14 మీటర్లు, మొత్తం పదహారున్నర పాత పద్ధతిలోనూ పోతూనే ఉన్నాయి. గలీబు రెండు పక్కలూ కలిపితే 54 అంగుళాలు, అంటే సుమారు 1.37 మీటర్లు. పాత పద్ధతిలో 23 మీటర్ల లోపు, ఇప్పుడు 27 దాటి. గలీబుకు నాలుగైదు మీటర్ల దారం అదనం. మాకు మిగిలే కూలి గంటల ముందు ఆ ఖర్చు నాకు లెక్కలోకి రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి.

కొన్న మొదటి ఏడాది బస్టాండు దగ్గర ఒక లాడ్జీ నుంచి గలీబుల మూట వెనక్కి వచ్చింది. పక్కలు నోరు తెరుచుకున్నాయి. పోగులు మాత్రం ఊడలేదు. ఓవర్‌లాక్ అంచు చక్కగానే ఉంది, లోపలి చైన్ కుట్టు మాయమైంది. దాంతో పక్క సాగినట్టయి సందుల్లోంచి దిండు కనబడుతోంది. గలీబు నోటి దగ్గర మొదలై కిందికి అరచేయంత, కొన్నిట్లో మూరెడు. లాండ్రీ వాళ్ల డ్రమ్ము వల్ల అనుకున్నాం. తర్వాత దారం నాసిరకమేమో అనుకొని వేరే కోన్లు తెచ్చాం. టెన్షన్ బిగించాం, సూదులు మార్చాం. ఆ తర్వాత కుట్టినవీ అలాగే వచ్చాయి.

మూట మొత్తం నేల మీద పరిచి ఒక్కొక్కటీ చూస్తుంటే మా వదిన పట్టుకుంది. "ఇదిగో చూడు, అన్నీ ఒక పక్కే ఊడతా ఉండాయి. రెండో పక్క ఒక్కటీ ఊడలేదు" అనింది. నిజమే. దారమో డ్రమ్మో కారణమైతే రెండు పక్కలూ పోవాలి కదా.

మేం కుట్టే వరస ఇదీ: గలీబును తిరగేసి, ఒక పక్క నోటి నుంచి కిందికి కుట్టి, అలాగే గుండ్రంగా తిప్పి రెండో పక్కను కింది నుంచి నోటికి కుడతాం. కత్తి ఎప్పుడూ కుడి వైపునే ఉంటుంది కాబట్టి చేతికి అలా తిప్పడమే సులువు. అంటే ఒక పక్క కుట్టు నోటి దగ్గర మొదలవుతుంది, ఇంకో పక్క నోటి దగ్గర ముగుస్తుంది. వదిన రెండు పక్కల నుంచీ లూపర్ దారం పట్టి లాగి చూసింది. మొదలైన చోట లాగితే బిగుసుకుంది. ముగిసిన చోట లాగితే సర్రుమని మొత్తం ఊడొచ్చేసింది.

చైన్ కుట్టు స్వభావమే అది. సింగిల్ నీడిల్ కుట్టులో పై దారం, కింద దారం ప్రతి టాకా దగ్గరా మెలి పడతాయి, ఒక చోట తెగినా పక్కన నిలుస్తుంది. చైన్ కుట్టులో ప్రతి ఉచ్చునూ దాని తర్వాతి ఉచ్చు పట్టుకొని ఉంటుంది. చివరిదాన్ని పట్టుకునేది ఏదీ లేదు. అక్కడ దొరికిన దారాన్ని లాగితే కుట్టిన దిశకు ఎదురుగా వరసగా విడిపోతూ పోతుంది. దిండు తొడిగేటప్పుడు రూం బాయ్ రెండు చేతులతో లాగేది నోటి దగ్గరే. డ్రమ్ములో ఇంకో గుడ్డకు చిక్కుకునేదీ ఆ చివరే. మిషన్ అమ్మినవాళ్లు బిగించి, కుట్టి చూపించి, నూనె ఎక్కడ పోయాలో అన్నీ చెప్పారు. ఈ ఒక్క మాట చెప్పలేదు. ఫోన్ చేసి అడిగితే "అది అంతే మేడం, చైన్ కుట్టు చివరి నుంచి ఊడతాది" అన్నారు, నాకు ముందే తెలిసి ఉండాలన్నట్టు. గలీబులు కుట్టడానికే కొంటున్నామని తెలిసి కూడా ఆ మాట దాటేయడం మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇప్పుడు రెండు పక్కలూ నోటి నుంచే మొదలుపెడతాం. ఒక పక్క అయ్యాక గుండ్రంగా తిప్పకుండా, పుస్తకంలో పేజీ తిప్పినట్టు గలీబును బోర్లించి, మళ్లీ నోటినే ముందు పెట్టి రెండో పక్క కుడతాం. ముగిసే చివర కింది మూలకు పోతుంది. అక్కడ గుడ్డ దాటి అంగుళం చైను తోక వదిలి, దాన్ని కుట్టు మీదికి మడిచి, సింగిల్ నీడిల్ మీద రివర్స్ టాకా (వెనక్కి కుట్టి బిగించడం) వేస్తాం. ఆ తర్వాత పక్క ఊడిందని ఒక్క గలీబూ తిరిగి రాలేదు.

దీనికి ధర ఉంది. బోర్లించినప్పుడు లోపలి మడత, అంటే దిండు జారకుండా నోటి దగ్గర ఆరు అంగుళాలు లోపలికి పోయే ముక్క, కింది వైపుకు పోతుంది. టైలర్‌కు అది కనబడదు, వేళ్లతో తడిమి చూసుకోవాలి. మూడు పొరల్లో కింది పొర కాస్త ముందుకు జరిగి మడత వంకర వస్తుంటుంది. ముందే మడతను ఇస్త్రీతో గీత పడేలా నొక్కి ఇస్తే నిలుస్తోంది. ఆ ఇస్త్రీ, ఆ రివర్స్ టాకా రెండూ అదనపు చేతి పనులే. ఒక్క విడతలో పని అయిపోతుందని పైన రాశాను కదా, లాడ్జీ గలీబుల వరకు అది ఒకటిన్నర విడత అనుకోండి. అయినా పాత రెండు విడతల కన్నా నయమే, ఎందుకంటే మూల టాకాలు ఒక్క మనిషి కూర్చొని కట్టలకు కట్టలు వేసేస్తుంది.

రంగుల గుడ్డ కుట్టేవాళ్లు మాత్రం బాగా ఆలోచించుకోండి. రంగు మారితే ఐదు కోన్లూ మార్చాలి. పాత దారానికి కొత్తది ముడేసి లాగితే లూపర్ల గుండా వచ్చేస్తుంది, సూది దగ్గర మాత్రం ముడి తెంచి చేత్తో ఎక్కించాలి. మధ్యలో ముడి తెగిందో, కింది లూపర్ దారి వెతుక్కోవడానికి కొత్తవాళ్లకు అరగంట పడుతుంది. మాకు తెలుపు ఒక్కటే కాబట్టి ఈ బాధ లేదు. పెళ్లిళ్లకు సెట్లు కుట్టిచ్చే మా బంధువు ఒకరు ఇదే రకం మిషన్ కొని, రోజుకు నాలుగు రంగులు మార్చలేక, వారంలో ఎక్కువ రోజులు దానికి గుడ్డ కప్పే ఉంచుతోంది. నేను తప్పుపట్టను.

దుప్పట్లకు ఇది ఎందుకూ పనికిరాదు. సరైన పన్నా (వెడల్పు) గుడ్డ తీసుకుంటే రెండు పక్కలా నేత అంచు ఉంటుంది, తలవైపు కాళ్లవైపు మడిచి కుట్టాలి, ఆ పని సింగిల్ నీడిల్‌దే. దుప్పట్ల ఆర్డర్ వచ్చిన వారమంతా మా ఐదు దారాలది ఖాళీ. కత్తి సంగతి కూడా చూసుకోవాలి. కటింగ్‌లో వంకర పోతే ఆ కత్తి దాన్ని దాచేసి నేరుగా కోసేస్తుంది, గలీబు చూడ్డానికి బాగుంటుంది కానీ సైజు తగ్గుతుంది. కాటన్ ఉతుకులో కాస్త ముడుచుకుంటుంది కూడా, ఆ రెండూ కలిస్తే దిండు పట్టదు. కటింగ్ మనిషి చేయి మంచిదైతేనే ఈ మిషన్ మంచిది. నూగు రోజూ ఊదాలి. తెల్ల గుడ్డ మీద నూనె మరక పడితే ఆ గలీబు లాడ్జీ తీసుకోదు, అందుకే పొద్దున మొదటి పది నిమిషాలు చింపిరి గుడ్డ మీద నడిపించాకే అసలు పని.

కొనాలా అంటే, మాలాగా ఒకే రంగు, ఒకటి రెండు సైజులు, రోజూ కట్టలుగా పని ఉండి, పక్కన కనీసం ఒక సింగిల్ నీడిల్ మిషన్ ముందే ఉంటే కొనొచ్చు. అదే మొదటి మిషన్‌గా మాత్రం వద్దు. కొనేముందు మీ గుడ్డనే పట్టుకెళ్లండి, లోపలి మడతతో సహా గలీబు కుట్టించుకోండి, ముగిసిన చివర లూపర్ దారం పట్టి వాళ్ల ముందే లాగండి. అమ్మే మనిషి అప్పుడు ఏం చెబుతాడో వినండి.

మేం రెండోది తీసుకునే ఆలోచనలో ఉన్నాం, మళ్లీ ఐదు దారాలదే. ఈసారి చివర చైను తనంతట తానే తెంపేది కావాలని వదిన పట్టుబడుతోంది. ధర తేడా బాగానే ఉంది. బ్రహ్మోత్సవాల ఆర్డర్ల డబ్బు చేతికొచ్చాక చూద్దామన్నాను.